చదివి పెట్టడం, చదువుకోవడం

కిందటేడు రాయదుర్గంలో ఒక ఆఫీసు భవనంలో లిఫ్టు ఎక్కాను. నా పాత విద్యార్థిని నన్ను తీసుకెళ్ళడానికి కిందికి వచ్చింది. నేను కళ్ళద్దాలు సర్దుకుని తొమ్మిదో అంతస్తు మీట వెతుక్కునేలోపల ఆమె దాన్ని నొక్కేసింది. నొక్కే ముందు ఆమె వేలు పక్కనున్న చుక్కల మీద ఒక్క క్షణం ఆగింది. "ఈ బిల్డింగులో బ్రెయిలీ ఉన్నది ఇక్కడొక్కచోటే మేడమ్. రోజుకు రెండుసార్లు చదువుతాను" అంది నవ్వుతూ.

ఆమె పుట్టుకతోనే చూపులేని మనిషి. అంధ బాలికల హాస్టల్లో ఉండి చదువుకుని, 2003లో మా దగ్గర తెలుగు ఎం.ఏ.లో చేరింది. కంపెనీలు తయారుచేసే వెబ్‌సైట్లు, యాప్‌లు చూపులేనివాళ్ళు వాడుకోవడానికి వీలుగా ఉన్నాయో లేదో పరీక్షించడం ఇప్పుడామె ఉద్యోగం. మౌస్ ముట్టుకోదు. కంప్యూటర్ తెర చాలాసార్లు ఆర్పేసే ఉంటుంది. చెవిలో స్క్రీన్ రీడర్ మాట్లాడుతూ ఉంటుంది. ఒకసారి ఇయర్‌ఫోన్ నా చెవిలో పెట్టింది. ఆ వేగానికి నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "ఇంకా తగ్గించి పెట్టాను మీ కోసం" అంది.

నేను వెళ్ళింది ఆ ఆఫీసు చూడటానికి కాదు. ఒక తప్పు ఒప్పుకోవడానికి.

2003లో మా సిలబస్‌లోని పుస్తకాలేవీ బ్రెయిలీలో లేవు. ఉపాధ్యాయినులం, కొందరు స్నేహితురాళ్ళం వంతులు వేసుకుని ఆమె కోసం కేసెట్లలో చదివి ఇచ్చేవాళ్ళం. రాత్రి ఇంటిపని అయ్యాక టేప్ రికార్డరు ముందు కూర్చునేదాన్ని. మంచిపని చేస్తున్నానన్న తృప్తి ఉండేది. ఆ తృప్తిలో కాస్త గర్వం కూడా కలిసి ఉండేదని ఇప్పుడు అర్థమవుతోంది. అలా చదివిన వాటిలో ఒక కథ ఉంది. చాలా ఏళ్ళ కాపురం తర్వాత ఒకామె భర్తను వదిలి వెళ్ళిపోతుంది. మధ్యలో ఒక పేజీన్నర, పడకగదిలో ఆమె శరీరానికి ఏం జరుగుతూ వచ్చిందో రచయిత్రి దాచకుండా రాసింది. అక్కడికి వచ్చేసరికి నా గొంతు ఆగింది. పక్కగదిలో అత్తగారు మేలుకునే ఉన్నారు. ఇవన్నీ నోటితో పైకి అనాలా అనిపించింది. ఆ అమ్మాయి హాస్టల్లో నలుగురి మధ్య వింటుందేమో అనుకున్నాను. వీటన్నిటి అడుగున ఇంకో ఆలోచన కూడా ఉంది. ఆమెకు ఇవన్నీ ఎందుకులే అనుకున్నాను. చూపులేని ఆడపిల్లకు శరీరం, కోరిక, కాపురం, దానిలోని హింస, ఇవేవీ సంబంధం లేని విషయాలన్నట్టు! పేజీన్నర తిప్పేసి తర్వాతి పేరా నుంచి చదివాను.

ఇంటర్నల్ పరీక్షలో ఆ కథ మీద ప్రశ్న వచ్చింది. ఆమె చెబుతుంటే స్క్రైబ్ రాశాడు. కథలో భార్య ఇల్లు వదలడానికి తగినంత కారణం కనిపించదని ఆమె రాయించింది. నేను మార్కులు తగ్గించి, "కారణం పట్టుకోలేకపోయావు" అని ఎర్రసిరాతో రాశాను. నేను వదిలేసిన పేజీన్నరను నేనే మర్చిపోయాను.

రెండేళ్ళ కిందట ఆ కథ యూనికోడ్‌లో ఆమెకు దొరికింది. స్క్రీన్ రీడర్‌తో చదివింది. నాకు మెయిల్ రాసింది. "మేడమ్, మీ కేసెట్లో ఒక పేజీన్నర లేదు. కారణం అందులో ఉంది." అంతే. నింద ఏమీ లేదు. నింద ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

తెలుగులో 'చదివి పెట్టడం' అనే మాట ఉంది. వండి పెట్టడం, చేసి పెట్టడం లాంటిదే. ఈ 'పెట్టడం' గురించి ఆడవాళ్ళకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. జీవితమంతా పెడుతూనే ఉంటాం. పెట్టే చేతికి చాకిరీ ఉంటుంది. కానీ ఏది ఎవరి పళ్ళెంలో పడాలో నిర్ణయించే అధికారం కూడా దానికే ఉంటుంది. వడ్డించేవాడు మనవాడైతే ఏ బంతిలో కూర్చున్నా ఒకటే అంటారు. ఇక్కడ వడ్డించింది మన మనిషే. స్త్రీవాద సాహిత్యం పాఠంగా చెప్పే మనిషే. అయినా ఒక కూర వడ్డించలేదు. తిన్న మనిషికి ఆ కూర ఉందని కూడా తెలియలేదు.

'చదువుకోవడం' అలాంటిది కాదు. ఆ 'కో'లో మనకోసం మనం అనే అర్థం ఉంది. ఆగాలనుకున్నచోట ఆగడం, వెనక్కి వెళ్ళడం, నచ్చనిది మనమే వదిలేయడం, ఎవరికీ చెప్పకుండా ఒక వాక్యం దగ్గర సిగ్గుపడటం, ఏడవడం... ఇవన్నీ ఆ 'కో'లోనే ఉన్నాయి. ఒక మనిషికి పుస్తకం అందించేశాం అని మనం అన్నప్పుడు దేన్ని అందించినట్టు? పెట్టడాన్నా, కోవడాన్నా?

స్త్రీల చదువు చరిత్రలో ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. మన అమ్మమ్మలు భారత భాగవతాలు వినే నేర్చుకున్నారు. ఆ విన్న చదువును నేను తక్కువ చేయను. అయితే పురాణం చెప్పే ఆయన ఏ ఘట్టం సాగదీశాడో, ఏది దాటేశాడో వాళ్ళకు తెలిసే దారి లేదు. 19వ శతాబ్దపు బెంగాల్‌లో రాససుందరీ దేవి చైతన్య భాగవతంలోని ఒక పేజీ తీసి వంటింట్లో దాచుకుని, ఎవరూ చూడకుండా అక్షరాలు కూడబలుక్కుంది. సూసీ తారు, కె.లలిత సంకలనం చేసిన 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' మొదటి సంపుటంలో ఆమె మాటలు మనలో చాలామందిమి చదివాం. ఆమె ఇంట్లో ఆ పుస్తకం చదివి వినిపించేవాళ్ళు లేకపోలేదు. ఆమెకు కావలసింది వినడం కాదు. 1874లో ధవళేశ్వరంలో కందుకూరి వీరేశలింగం బాలికల పాఠశాల పెట్టినప్పటి వాతావరణం తలుచుకోండి. ఆడవాళ్ళు చదవడం నేర్చుకుంటే ఏం చదువుతారో, రాయడం నేర్చుకుంటే ఎవరికి రాస్తారో అన్నదే కదా పెద్దమనుషుల భయం!

బ్రెయిలీ కథ కూడా దాదాపు ఇదే. పారిస్‌లోని అంధుల పాఠశాలలో అంతకుముందు మామూలు రోమన్ అక్షరాలనే ఉబ్బెత్తుగా అచ్చువేసి పిల్లలచేత తడిమించేవారు. చూపున్న ఉపాధ్యాయులకు అది సుఖం, ఎందుకంటే వాళ్ళ కళ్ళకూ అవి కనిపిస్తాయి. వేళ్ళకు మాత్రం నరకం. చదవడమే అంత నిదానమైతే ఇక రాయడం ఎక్కడిది? చార్లెస్ బార్బియే అనే సైనికాధికారి తయారుచేసిన 12 చుక్కల రాతను, అదే పాఠశాలలో చదివే లూయీ బ్రెయిలీ పదిహేనేళ్ళ వయసుకే ఆరు చుక్కలకు కుదించాడు. 1829లో దాన్ని ప్రచురించాడు. రెండు నిలువు వరుసల్లో ఆరు చుక్కలు, 63 కలయికలు. వేలికొన కదలకుండా ఒక్కసారిగా ఒక అక్షరం మొత్తం పట్టుకోగలదు. అంతకంటే ముఖ్యం, దానితో రాయవచ్చు. అయినా 1840లలో కొంతకాలం ఆ పాఠశాలలోనే దాన్ని నిషేధించారు. పిల్లలు దొంగచాటుగా ఒకరికొకరు నేర్పుకున్నారు. 1852లో బ్రెయిలీ చనిపోయాడు. అధికారికంగా ఆమోదం వచ్చింది 1854లో. తమకు చదవరాని లిపిలో పిల్లలు ఏం రాసుకుంటున్నారో అన్న అనుమానం ఆ ఉపాధ్యాయులది. ఆ అనుమానం మనకు బాగా తెలిసిందే.

మన భాషలకు 1951లో భారతి బ్రెయిలీ పేరుతో ఒక ఉమ్మడి పద్ధతి ఏర్పడింది. తెలుగు 'క'కి, హిందీ 'క'కి, తమిళ 'క'కి అందులో ఒకే గుర్తు. నా విద్యార్థిని నా వేలు పట్టుకుని 'అమ్మ' చదివించింది. అచ్చులో మనం మ కింద ఇంకో మ ఒత్తు ఇస్తాం. బ్రెయిలీలో కిందా పైనా ఉండదు, అన్నీ వరుసగానే. అ, తర్వాత ఒంటరిగా ఒక చుక్క, తర్వాత మ, మ. ఆ ఒంటరి చుక్క పొల్లు గుర్తు. ముందే వచ్చి, రాబోయేది సంయుక్తాక్షరం అని వేలికి చెబుతుంది. నలభై ఏళ్ళుగా తెలుగు చెబుతున్న నాకు, నా భాషను ఇలా కూడా విప్పి చూడవచ్చని ఆ రోజు దాకా తెలియదు.

మరి ఇంత మంచి లిపి ఉంటే ఆమె లిఫ్టులో తప్ప బ్రెయిలీ ఎందుకు చదవడం లేదు?

ఆమె చెప్పిన జవాబు సూటిగా ఉంది. హాస్టల్లో స్లేటు మీద స్టైలస్‌తో కుడి నుంచి ఎడమకు గుచ్చి రాసి, కాగితం తిప్పి ఎడమ నుంచి కుడికి చదువుకుంది. కాలేజీకి వచ్చేసరికి బ్రెయిలీ పుస్తకం అన్నది లేదు. ఉన్నా ఒక నవల నాలుగైదు లావుపాటి సంపుటాలవుతుంది. హాస్టల్ ట్రంకుపెట్టెలో ఎక్కడ పెట్టుకోవాలి? తర్వాత కంప్యూటర్ వచ్చింది. స్క్రీన్ రీడర్ కొనాలంటే ఖరీదు. 2006లో మైకేల్ కరన్ అనే చూపులేని ఆస్ట్రేలియా యువకుడు ఎన్.వి.డి.ఏ. అనే స్క్రీన్ రీడర్ మొదలుపెట్టాడు. అది ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. ఈస్పీక్ గొంతుతో అది తెలుగు కూడా చదువుతుంది. గొంతు రేకుడబ్బాలో గులకరాళ్ళలా ఉంటుంది. "కానీ మేడమ్, దానికి సిగ్గు లేదు. ఏదీ వదిలిపెట్టదు" అంది. నేను తల దించుకున్నాను. ఆమె చూడలేదు గానీ, నేను మాట్లాడకపోవడం విన్నది.

కాబట్టి యంత్రం వచ్చి మనిషి సాన్నిహిత్యాన్ని చంపేసిందని వగచే వ్యాసం నేను రాయలేను. నా ఆప్యాయమైన గొంతు దాచిన పేజీన్నరను ఆ రేకుగొంతు ఆమెకు ఇచ్చింది. 1998లో సైబర్ టవర్స్ మొదలైనప్పటి నుంచి ఈ కారిడార్ గురించి మనం చేసిన విమర్శలు, భూముల గురించి, రాత్రి షిఫ్టుల గురించి, స్త్రీల భద్రత గురించి, అన్నీ నిజమే. ఆ నిజాలతో పాటే, తెలుగు ఎం.ఏ. చదివిన ఒక చూపులేని స్త్రీ అక్కడ నెలజీతంతో తన ఇల్లు నడుపుతోందన్నదీ నిజం.

అయితే స్క్రీన్ రీడర్ వచ్చింది కనుక ఇక బ్రెయిలీ ఎందుకు అనే మాట ఇప్పుడు బడుల్లో కూడా వినిపిస్తోంది. ఫోనే చదివిపెడుతుంది కదా అంటున్నారు. ఆమె దగ్గర పని నేర్చుకుంటున్న ఒక అమ్మాయి అలాగే పెరిగింది. చిన్నప్పటి నుంచీ ఫోనూ ల్యాప్‌టాపే, బ్రెయిలీ నేర్పలేదు. పనిలో చురుకు. తెలుగులో ఒక ఉత్తరం రాయాలంటే మాత్రం భయం. "ఋణంలో మొదటిది రు కాదా అక్కా?" అని అడిగిందట. శ, ష, స మూడని విన్నది, ఏ మాటలో ఏది వస్తుందో తెలియదు. స్క్రీన్ రీడర్‌తో అక్షరం అక్షరం పలికించుకోవచ్చు, నిజమే. ప్రతి మాట దగ్గరా ఎవరు ఆగుతారు? చెవిలో మాట పుట్టగానే పోతుంది. వేలి కింద అది ఉంటుంది.

చూపున్న పిల్లలకు రేడియో వచ్చాక అక్షరాలు మానేద్దామని ఎవరూ అనలేదు. టీవీ వచ్చాకా అనలేదు. చూపులేని పిల్లలకు మాత్రం 'ఇది చాలు' అని ఎంత సులువుగా అనేస్తాం! మచిలీపట్నం దగ్గరి పల్లె నుంచి వచ్చి హైదరాబాద్‌లో చదువుకున్న శ్రీకాంత్ బొల్లా పదో తరగతి తర్వాత సైన్సు చదవడానికి కోర్టుకెక్కవలసి వచ్చింది. తర్వాత ఎం.ఐ.టి.కి వెళ్ళి, తిరిగొచ్చి ఇక్కడే పరిశ్రమ పెట్టాడు. అతనికీ ముందు చెప్పింది 'నీకు ఇది చాలు' అనే. ఆడపిల్లకు ఆ మాట రెండు వైపుల నుంచి వస్తుంది. 2011 జనాభా లెక్కల్లో చూపుకు సంబంధించిన వైకల్యం ఉన్నవాళ్ళు దేశంలో 50 లక్షలకు పైగా. అన్ని రకాల వైకల్యాలూ కలిపి చూస్తే పురుషుల్లో అక్షరాస్యత సుమారు 62 శాతం, స్త్రీలలో 45 శాతం. ఆ 17 శాతం తేడాను కళ్ళ మీదికి నెట్టలేం. దాని పేరు పితృస్వామ్యం.

బ్రెయిలీని పూజాపీఠం ఎక్కించమని కూడా నేననడం లేదు. నడివయసులో చూపు పోయినవాళ్ళకు కొత్త లిపి వేళ్ళకు ఎక్కడం కష్టం. మధుమేహంతో చూపు పోయినవాళ్ళలో కొందరికి వేలికొనల్లో స్పర్శ కూడా తగ్గుతుంది. చుక్కలు వాటంతటవే లేచి పడే ఎలక్ట్రానిక్ బ్రెయిలీ పరికరాలు చాలాకాలం ల్యాప్‌టాప్ కంటే ఖరీదు. ఈ పదేళ్ళలో ఆర్బిట్ రీడర్ లాంటి 20 గడుల చవక పరికరాలు వచ్చాయి. చవక అన్నది పాత ధరలతో పోల్చినప్పుడే. వినేవాళ్ళు చదువుకున్నవాళ్ళు కారని తీర్పు చెప్పడం మన అమ్మమ్మలను నిరక్షరకుక్షులని తోసెయ్యడం లాంటిదే. ఎవరు ఎలా చదవాలో తేల్చవలసింది నేను కాదు. రెండు దారులూ తెరిచి ఉంచడం మాత్రం నా బాధ్యత. ఒక దారిని అసలు చూపించకుండా, ఆమె రెండోదాన్ని ఎంచుకుంది అనడానికి లేదు.

ఇక్కడ మన వంతు వస్తుంది. 'మన' అంటే రాసేవాళ్ళం, పత్రికలు నడిపేవాళ్ళం.

ఆ రోజు ఆమె స్త్రీవాద పత్రిక ఒకదాని పాత సంచిక పి.డి.ఎఫ్. తెరిచి స్పీకరు పెట్టింది. అందులో నా వ్యాసం కూడా ఉంది. స్క్రీన్ రీడర్ చదవడం మొదలుపెట్టింది. ఒక ఇంగ్లీషు అక్షరం, డాలర్, కామా, ఎట్, మళ్ళీ రెండు ఇంగ్లీషు అక్షరాలు... తెలుగు మాట ఒక్కటి లేదు. మన డి.టి.పి. ఫాంట్లు చాలావరకు రోమన్ అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలను కూర్చినవి. కంటికి అది 'స్వేచ్ఛ'. కంప్యూటర్‌కు అది అర్థంలేని చిల్లర గుర్తులు. 1991 నుంచి యూనికోడ్‌లో తెలుగు ఉంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ నుంచి ఇంట్లో కంప్యూటర్‌లో కూడా ఉంది. అయినా అలవాటైన ఫాంట్లనూ, వాటి అందాన్నీ వదల్లేక ఏళ్ళ తరబడి మన అచ్చు అలాగే సాగింది, ఇప్పటికీ చాలాచోట్ల సాగుతోంది. నేను కేసెట్లో వదిలేసింది పేజీన్నర. మన పత్రికలన్నీ కలిసి వదిలేసింది మొత్తం పుస్తకాలను.

గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అతుల్ నేగి, చక్రవర్తి భగవతి, వాళ్ళ సహ పరిశోధకుడు తెలుగు అచ్చును గుర్తించే ఓ.సి.ఆర్. మీద 2001లోనే పరిశోధన పత్రం ప్రచురించారు. ఇప్పుడు ఫోను కెమెరా ముందు పేజీ పెడితే చదివే యాప్‌లు ఉన్నాయి. కానీ ఒత్తులు, మసకబారిన అచ్చు, రెండు కాలమ్‌లు కలిసిన చోట అవి ఇంకా తడబడతాయి. చట్టమూ అడ్డం లేదు. 2012 సవరణ తర్వాత మన కాపీరైట్ చట్టం వికలాంగులు చదువుకోగల రూపంలోకి పుస్తకాన్ని మార్చడానికి అనుమతిస్తోంది. అదే ఉద్దేశంతో 2013లో వచ్చిన మరకేష్ ఒప్పందాన్ని ప్రపంచంలో మొట్టమొదట ఆమోదించిన దేశం మనదే, 2014లో. 2016లో సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం మొదలైంది. ఇన్ని ఉన్నా ఆమె మన కథలు చదవలేకపోతే కారణం ఆమె కళ్ళలో లేదు. మనం ప్రెస్సుకు పంపిన ఫైల్లో ఉంది.

ఇది దయ గురించి కాదు. నాలాంటివాళ్ళ దయ ఏం చేసిందో పైన చెప్పాను. వికలాంగ స్త్రీల గురించి అనితా ఘాయ్ 2003లో పుస్తకం రాసినప్పుడే స్త్రీల ఉద్యమం తమను చూడటం లేదని నిలదీసింది. సరిగ్గా అదే సంవత్సరం నేను టేప్ రికార్డరు ముందు కూర్చుని, ఏ బాధ ఎవరికి తగినదో నిర్ణయిస్తున్నాను. 'స్త్రీ' అని రాసినప్పుడు మన మనసులో మెదిలే పాఠకురాలికి చూపు ఉంటుంది. అది మనం ఎంచుకున్నదని కూడా మనకు తెలియదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆ పేజీన్నర మళ్ళీ రికార్డు చేసి ఇవ్వనా అని అడిగాను. ఎంత తెలివితక్కువ ప్రశ్నో అడిగాక తెలిసింది. "వద్దు మేడమ్, చదువుకున్నాను" అంది. తర్వాత తనే ఒక పని చెప్పింది. ఆమెకు ఆరేళ్ళ కూతురు ఉంది. చూపున్న పిల్ల. బళ్ళో ఒత్తులు నేర్చుకుంటోంది. రాత్రి ఆ పిల్లకు కథ చదవాలి. చెవిలో యంత్రం చెప్పిన వాక్యాన్ని మళ్ళీ తను అప్పజెప్పడం ఆమెకు ఇష్టం లేదు. వేలితో తనే చదవాలి, పిల్ల పక్కన పడుకుని వినాలి. ఎప్పటినుంచో మూలన పెట్టిన బ్రెయిలీ అందుకు మళ్ళీ తీసింది. "తెలుగు పిల్లల కథలు యూనికోడ్‌లో ఉంటే పంపండి. బ్రెయిలీలోకి నేను మార్చుకుంటాను."

మార్చి పెట్టమనలేదు. మార్చుకుంటాను అంది.

ఆ పాత మార్కులు నేనిప్పుడు దిద్దలేను. ఇంటికి వచ్చి నా కథలు, వ్యాసాలు ఉన్న పాత ఫైళ్ళన్నీ తెరిచి ఒక్కొక్కటీ యూనికోడ్‌లోకి మారుస్తున్నాను. కన్వర్టర్ తప్పులు చేస్తుంది, దగ్గర కూర్చుని దిద్దాలి. రాత్రిపూట పని అయ్యాక చేస్తున్నాను. ఈసారి ఏ పేజీ వదలడం లేదు. ఈ వ్యాసాన్ని సంపాదకులకు యూనికోడ్‌లోనే పంపుతున్నాను. ముందు ఆమెకు పంపాను.